సీసాలో మిగిలిన స్క్రూలు

(మన సంఘం వార్షిక సమావేశంలో సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు ఫోన్ చేసి, "డియర్‌నెస్ రిలీఫ్ గురించీ, మెడికల్ కార్డుల గురించీ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు చేతిపని తెలిసినవారు. ఇంట్లో పనికొచ్చేది ఏదైనా ఓ పావుగంట చెప్పండి" అన్నారు. ఏం చెప్పమంటారంటే, "బల్లలూ బీరువాలూ విప్పి బిగించుకోవడం గురించి చెప్పండి. ఇప్పుడు పిల్లల ఇళ్ళల్లో అన్నీ అవే కదా" అన్నారు. సరేనన్నాను. అయితే ఈ విషయంలో నేను ముందుగా చెప్పవలసింది నా తప్పు. అది దాచిపెట్టి మిగిలినదంతా చెబితే మీకు ఉపయోగం ఉండదు.

మా నాన్నగారు రైతు. సంతకు బండి కట్టేముందు రెండు చక్రాల కడచీలలూ చేత్తో తడిమి చూసుకునేవారు. కడచీల అంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. చక్రం జారిపోకుండా ఇరుసు చివర గుచ్చే ఇనుప చీల. వేలెడంత ఉంటుంది. ఎద్దులు, చక్రాలు, బస్తాలు అన్నీ దాన్ని నమ్ముకునే నడిచేవి. అలాంటి ఇంట్లో పుట్టి, 1974లో లాలాగూడ క్యారేజి వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరి, ముప్పై ఎనిమిదేళ్ళు బిగించే పనే చేసి 2012లో రిటైరయినవాణ్ణి నేను.

వర్క్‌షాపులో మాకు పని నేర్పిన మేస్త్రీగారిది ఒకటే సూత్రం. పెట్టె కింద బ్రేకు గేరులో పిన్నులు ఉంటాయి. ఆ పిన్నులు జారకుండా కాటర్లు గుచ్చుతాం. పని అయ్యాక ఆయన వచ్చి ట్రే బోర్లించేవారు. ట్రేలోంచి ఒక్క కొత్త కాటరు రాలినా, "ఇది ఎక్కడిది నాయనా?" అని అడిగేవారు. ఎక్కడిదో చెప్పలేకపోతే అందరం మళ్ళీ పెట్టె కిందకి దూరవలసిందే. "మిగిలింది కాటరు కాదురా, పని మిగిలింది" అనేవారు. తరవాత్తరవాత నేనూ ఎందరో కుర్రవాళ్ళకి అదే మాట చెప్పాను. చెప్పి మరిచిపోయానని మాత్రం తెలుసుకోలేదు.

2022 ఫిబ్రవరిలో మేము మల్కాజిగిరిలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, మియాపూరులో మా అబ్బాయి ఫ్లాటుకి మారాం. మా సామానులో ఒక పుస్తకాల బీరువా ఉంది. ఐదున్నర అడుగుల ఎత్తు. పైన మూడు అరలు, కింద మూడు సొరుగులు. చెక్కపొట్టు జిగురుతో అదిమి చేస్తారే, ఆ పార్టికిల్ బోర్డుది. కొన్నప్పుడు దుకాణం మనిషి వచ్చి బిగించి, పైన రెండు చిన్న ఇనుప పట్టీలతో గోడకి పట్టించి వెళ్ళాడు. ఇల్లు మారేటప్పుడు సామాను లారీవాళ్ళు "మేము విప్పుతాం సార్" అన్నారు. నేను ఊరుకుంటానా? "అక్కర్లేదు బాబూ, నా పని నాకు తెలుసు" అని ఓ మధ్యాహ్నం కూర్చుని నేనే విప్పేశాను. స్క్రూలు, బిళ్ళలు, చెక్క పుల్లలు, పట్టీలు అన్నీ కలిపి ఒక హార్లిక్సు సీసాలో పోశాను. కాగితం మీద ఒక్క గుర్తు రాసుకోలేదు.

కొత్త ఇంట్లో బిగించేటప్పుడు మా కోడలు ఆ బీరువాతో వచ్చిన కాగితం వెతికి తెచ్చింది. అందులో మాటలు ఉండవు, అన్నీ బొమ్మలే. పిల్లల చందమామ పుస్తకంలా ఉందని నవ్వి పక్కన పెట్టాను. రెండు గంటల్లో బీరువా నిలబడింది. తలుపు గీకలేదు, సొరుగు పట్టలేదన్న మాట లేదు. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

సీసా చేతిలోకి తీసుకుని కోడలు అడిగింది: "మామయ్యగారూ, ఇందులో ఇంకా మిగిలాయేమిటి?"

"స్పేరు ఇస్తారమ్మా" అన్నాను.

"ఈ పట్టీ గోడకి అనుకుంటానండీ. బొమ్మలో ఉంది."

"పెట్టె పెట్టెలు బిగించి పంపినవాణ్ణమ్మా నేను. గోడకి బెజ్జం పెడితే సున్నం పాడు. అది నిలబడుతుందిలే" అన్నాను.

ఆ అమ్మాయి ఇంకేమీ అనలేదు. మామగారితో వాదించడం ఎందుకని ఊరుకుంది.

ఉగాది ఇంకా పది రోజులు ఉందనగా జరిగింది. నేను బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాను. నాలుగేళ్ళ మా మనవరాలికి బీరువా పైన పెట్టిన రంగు పెన్సిళ్ళు కావాలి. అడిగితే ఇవ్వమని దానికి తెలుసు. కింది సొరుగు పూర్తిగా లాగింది, పైది కొంచెం తక్కువ లాగింది, ఆ పైది ఇంకొంచెం తక్కువ. మెట్లలా చేసుకుని ఎక్కింది. బీరువా ముందుకి ఒరిగింది. పక్కనే బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ చూసి, ఒక చేత్తో పిల్లని అవతలకి తోసి రెండో చేయి అడ్డం పెట్టింది. పిల్లకి నుదుటి మీద బొప్పి కట్టింది. మా ఆవిడకి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు.

ఆవిడ ఇప్పుడు ఆడవాళ్ళ వరసలో మూడో కుర్చీలో కూర్చుని ఉంది. ఈ సంగతి నలుగురిలో చెప్పడానికి ఆవిడ దగ్గర అనుమతి తీసుకునే వచ్చాను.

ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చాక సీసా తీసి నేలమీద పాత పేపరు పరచి బోర్లించాను. రెండు పట్టీలు, నాలుగు పొట్టి స్క్రూలు, రెండు పొడుగు స్క్రూలు. వెనక అట్టని పట్టించే చిన్న మేకులు కూడా ఆరు ఉన్నాయి. మేస్త్రీగారు బతికి ఉంటే "ఇవి ఎక్కడివి నాయనా?" అని అడిగేవారు. కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇక నేర్చుకున్నది చెబుతాను.

ముందు ఈ రకం సామాను సంగతి. మన తాతల నాటి పట్టెమంచం కూడా విప్పి బిగించేదే. కోళ్ళకి బెజ్జాలు, పట్టెలకి కుసులు. వడ్రంగి ఒకసారి కూర్చితే మనవలదాకా వచ్చేది. ఇప్పటి సామాను చదునైన అట్టపెట్టెలో వస్తుంది. 1956లో స్వీడనులో ఐకియా కంపెనీ ఉద్యోగి గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్ల కారులో పట్టక దాని కాళ్ళు ఊడదీశాడనీ, విప్పిన సామాను అమ్మాలన్న ఆలోచన వాళ్ళకి అక్కణ్ణుంచే వచ్చిందనీ చెబుతారు. ఆ కంపెనీ మనదేశంలో తొలి దుకాణం 2018 ఆగస్టులో మన హైదరాబాదులోనే తెరిచింది. ఇప్పుడు ఎన్నో కంపెనీలు ఇదే పద్ధతి. కాబట్టి బిగించే పని మన ఇంటికి వచ్చింది. పనితోబాటు బాధ్యతా వచ్చింది.

మొదటి సంగతి, విప్పే ముందు గుర్తులు. వర్క్‌షాపులో ఏ రెండు ముక్కలు కలుస్తాయో ఆ రెండింటి మీదా ఒకే అంకె వేసేవాళ్ళం. ఇంట్లో కూడా కాగితం టేపు అతికించి పెన్సిలుతో ఒకటి-ఒకటి, రెండు-రెండు అని వేయండి. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోను ఉంది కనక విప్పే ప్రతి మూలనీ ఫోటో తీయండి. విప్పిన స్క్రూలన్నీ ఒకే సీసాలో పోయవద్దు. మనలో చాలామందికి వారం మాత్రల డబ్బా ఉంటుంది, ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు గళ్ళు. పాతది పారేయకండి. పై అరవి ఆదివారంలో, సొరుగులవి సోమవారంలో వేసుకుంటే ఏది ఎక్కడిదో తెలుస్తుంది. అయితే మాత్రలు వేసుకునే డబ్బా మాత్రం వాడకండి. గోడ పట్టీల స్క్రూలు గోడలోంచి తీయగానే ఆ పట్టీకే టేపుతో అతికించేయండి. నేను ఈ ఒక్కటి చేసి ఉంటే చాలు.

రెండోది, ఊడదీయడం. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు రెండు జాతులు. మనకి అలవాటైనది ఫిలిప్స్. ఆ ప్లస్ గీతల మధ్య ఇంకో నాలుగు సన్నటి గీతలు కనబడితే అది పోజిడ్రైవ్. ఈ సామానులో అదే ఎక్కువ తగులుతుంది. దానికి ఫిలిప్స్ స్క్రూడ్రైవరు పెడితే జారి తల అరిగిపోతుంది. బెజ్జానికి బిగుతుగా పట్టే స్క్రూడ్రైవరే తీసుకుని, తిప్పడం కంటే నొక్కడం మీద ఎక్కువ బలం పెట్టండి. తల ఇప్పటికే అరిగి ఉంటే, స్క్రూడ్రైవరుకీ తలకీ మధ్య వెడల్పాటి రబ్బరుబ్యాండు ముక్క పెట్టి గట్టిగా నొక్కి మెల్లిగా తిప్పితే చాలాసార్లు వస్తుంది. ఆరు పలకల గుంట ఉన్నవాటికి ఎలెన్ కీ కావాలి. దానికా పేరు అమెరికాలో హార్ట్‌ఫోర్డ్ ఊళ్ళో ఆ రకం స్క్రూలు చేసి అమ్మిన ఎలెన్ అనే ఆయన వల్ల వచ్చింది. సరిగ్గా అదే సైజు కీ ఉండాలి. కొంచెం చిన్నదైతే గుంట గుండ్రమైపోతుంది, ఇక రాదు.

చొక్కా గుండీ కంటే కాస్త పెద్దగా ఉండే బిళ్ళలు చూసే ఉంటారు. వాటిని కామ్ లాక్ అంటారు. ఒక పలకలో నిలువు బోల్టు ఉంటుంది, దాని తల రెండో పలకలోని బిళ్ళ నోట్లోకి వెళుతుంది. బిళ్ళ తిప్పితే లోపలి అంచు బోల్టు తలని దగ్గరికి లాక్కుంటుంది. అంతే దాని కిటుకు. విప్పేటప్పుడు ఎడమకి సుమారు అరచుట్టు తిప్పితే వదిలేస్తుంది. వదలకుండా పలక పట్టుకుని లాగితే బోర్డు పెచ్చుగా లేచిపోతుంది. బిగించేటప్పుడు బిళ్ళ మీద బాణం గుర్తు బోల్టు వచ్చే వైపు చూడాలి. తిరిగినంత తిప్పి ఆగాలి. ఇంకా బలం పెడితే ఆ మెత్తటి లోహం పగులుతుంది. మన చేతులు పెద్ద పెద్ద స్పానర్లకి అలవాటు పడినవి. ఇక్కడ ఆ బలం పనికిరాదు.

మూడోది, మళ్ళీ బిగించడం. ఒకసారి తీసిన స్క్రూ అదే బెజ్జంలో పెట్టేటప్పుడు, ముందు ఎడమకి మెల్లిగా తిప్పండి. ఒకచోట 'టిక్' మని కిందకి దిగినట్టు అనిపిస్తుంది. పాత మర దొరికిందన్నమాట. అక్కణ్ణుంచి కుడికి తిప్పండి. ఇలా కాకుండా ఎలాబడితే అలా తిప్పితే కొత్త మర కోసుకుపోయి బెజ్జం వదులవుతుంది. పార్టికిల్ బోర్డులో అది మరీ త్వరగా పొడి అయిపోతుంది. మొదటి రెండు మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. ఆఖరి చుట్టు ఎప్పుడూ డ్రిల్లు మిషనుతో బిగించకండి. అన్ని స్క్రూలూ సగం బిగించి, మూలమట్టం చూసుకుని, తరవాత ఎదురెదురు మూలలు వరసగా బిగించండి. ఒక మూల ముందే పూర్తిగా బిగిస్తే నాలుగో మూలకి బెజ్జాలు కలవవు.

బెజ్జం వదులైతే? గట్టి చెక్కలో అయితే అగ్గిపుల్ల తల విరిచేసి, ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో దూర్చి, ఒక పూట ఆరనిచ్చి బిగిస్తే పట్టుకుంటుంది. బోర్డులో ఈ వైద్యం కొంతవరకే. బరువు మోసే చోట, మంచం పట్టెల దగ్గర, సొరుగు పట్టాల దగ్గర నమ్ముకోవద్దు. హార్డువేరు దుకాణంలో కొంచెం లావు స్క్రూ తెచ్చుకోండి. అదీ పట్టకపోతే కార్పెంటరుని పిలవడానికి చిన్నతనం పడకండి.

నాలుగోది, నేను చేయనిది. గోడ పట్టీ. ఒక్క సొరుగు లాగితే కాదుగాని మూడూ లాగితే బీరువా బరువంతా ముందుకి వస్తుంది. దానికి పిల్ల బరువు తోడైతే ఎంత నిటారుగా నిలబెట్టినా ఒరుగుతుంది. పైగా నేను లావాటి మాన్యువళ్ళన్నీ పై అరలో సర్దాను. బరువైనవి కిందనే ఉండాలి. ఇది మనదేశంలో మనకే జరిగిన వింత కాదు. 2016లో అమెరికాలో ఇలా ఒరిగి పిల్లలు చనిపోయారని సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగు బల్లలు వెనక్కి పిలిచారు. 2022 చివర్లో ఆ దేశంలో దీనికోసం ఒక చట్టమే చేశారు. మనలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు కనక ఈసారి ఫోనులో అడగండి, మీ ఇంట్లో బీరువా గోడకి పట్టించారా అని.

పట్టించే పద్ధతి పెద్ద కష్టం కాదు. గోడలో డ్రిల్లుతో బెజ్జం పెట్టి ప్లాస్టిక్ రావల్ ప్లగ్గు దిగ్గొట్టాలి. హైదరాబాదు ఎలక్ట్రీషియన్లు గిట్టీ అంటారు. 6 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 6 మిల్లీమీటర్ల బిట్టే వాడాలి. పైనున్న సిమెంటు పూత అర అంగుళం పైచిలుకు ఉంటుంది. ప్లగ్గు పూతలోనే ఆగిపోతే పెచ్చుతో సహా ఊడివస్తుంది. పూత దాటి ఇటుకలోకో కాంక్రీటులోకో వెళ్ళాలి. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా కిందా బెజ్జం పెట్టకండి, లోపల వైర్లు దిగుతూ ఉంటాయి. నిచ్చెన ఎక్కే పని మనది కాదు. బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళం తల పైకెత్తి పని చేస్తే కళ్ళు తిరుగుతాయి. మనం దగ్గరుండి చెప్పి, కుర్రవాళ్ళ చేత చేయించాలి.

ఐదోది, లెక్క. కాగితంలో ప్రతి స్క్రూ బొమ్మ పక్కనా ఎన్నో అంకె వేసి ఉంటుంది. మొదలుపెట్టే ముందే లెక్కపెట్టి వరసలుగా పేర్చండి. కొన్ని కంపెనీలు ఒకటో రెండో ఎక్కువ ఇచ్చే మాట నిజమే. కాని ముందు లెక్కపెట్టినవాడికే అది స్పేరని చెప్పే హక్కు ఉంది. లెక్కపెట్టనివాడికి మిగిలిన ప్రతిదీ ఒక ప్రశ్నే. పాత స్పీకరులో అయస్కాంతం ఒకటి దగ్గర పెట్టుకుంటే కిందపడ్డవి దొరుకుతాయి. ఇత్తడివి మాత్రం దానికి అంటవు, చేత్తోనే వెతకాలి. పాకే పిల్లలున్న ఇంట్లో వెతక్కుండా లేవకండి. పెద్దలకి దొరకనిది వాళ్ళకి దొరుకుతుంది, దొరికింది నోట్లోకే వెళుతుంది.

ఇక ఆఖరి మాట. వర్క్‌షాపులో బిగించినవాడు ఒకడు, సరిచూసేవాడు ఇంకొకడు. బిగించినవాడి కంటికి తన తప్పు కనబడదు. ఇది మనకి తెలియనిది కాదు. రిటైరయ్యాక మాత్రం ఇంట్లో రెండూ మనమే అనుకుంటాం. మా ఇంట్లో సరిచూసే మనిషి ఎదురుగానే నిలబడి, కాగితం చేత్తో పట్టుకుని అడిగింది. నేను నా సర్వీసు చెప్పి నోరు మూయించాను. విరిగిన మణికట్టుకి కారణం పట్టీ బిగించకపోవడం ఒక్కటే కాదు, అదీ.

పిండికట్టు ఉన్న ఆరు వారాలూ వంట నేనే చేశాను. మొదటి వారం చారులో ఉప్పు ఎక్కువైందని మా ఆవిడ, జడ వంకరగా ఉందని మనవరాలు, ఇద్దరూ నన్ను సరిచూశారు. నోరెత్తలేదు. ఆ బీరువాని మొత్తం మళ్ళీ విప్పి బిగించాం. ఈసారి నేలమీద కాగితం పరిచి కోడలు చదువుతుంటే నేను ఒక్కొక్కటే పెట్టాను. "ఎనిమిదండీ", "ఎనిమిదమ్మా." "నాలుగండీ", "నాలుగమ్మా." గోడ పట్టీలు మా అబ్బాయి బిగించాడు. చివర్న సీసా బోర్లించి చూపించాను. ఖాళీ.

మిత్రులారా, ఇవాళ ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో పొడుగాటి బీరువా పై అంచు పట్టుకుని, పక్కన పిల్లలు లేకుండా చూసి, మెల్లిగా ఒకసారి కదిపి చూడండి. కదిలితే ఆలస్యం చేయకండి. ఈ మధ్య నేను రోజూ పడుకునేముందు ఆ పట్టీలని చేత్తో తడిమి చూస్తున్నాను. మా నాన్నగారిది అదే అలవాటని మా ఆవిడే గుర్తుచేసింది.